కొత్త గదిలో పాత కుంపటి

నా చిన్నప్పుడు, మా తమ్ముడు పుట్టిన ఏడు, అమ్మమ్మగారింట్లో అందరి అనుమానమూ ఒక మనిషి మీదికి మళ్ళింది. అది ఎలా మొదలైందో, ఎలా ముదిరిందో, చివరికి ఎక్కడ తేలిందో వరుసగా రాసిపెట్టాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. వరుస తప్పితే ఈ సంగతికి అర్థం ఉండదు. ఆ ఇంటి పెద్దలు చేసిన పొరపాటు కూడా వరుస విషయంలోనే. ఒకటి జరిగిన వెంటనే మరొకటి జరిగితే మొదటిదే రెండోదానికి కారణమని వాళ్ళు తీర్పు చెప్పేశారు. ఆ రెండింటి పక్కనే, అదే గదిలో, అదే వేళకు ఉన్న మూడోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మమ్మగారి ఊరు అమలాపురం దాటాక, కాలవగట్టు మీద బస్సు వెళ్ళే ఊళ్ళలో ఒకటి. అది డెబ్బయ్యో దశకం. కొత్తరకం వరి విత్తనాలు వచ్చి పంటలు పెరిగిన రోజులు. చేతిలో కాస్త డబ్బు ఆడగానే ఆ ప్రాంతంలో ఎవరికైనా ముందుగా కలిగే కోరిక డాబా. మా మావయ్య కూడా పాత పెంకుటింటికి ఆనించి ఒక డాబా గది కట్టించాడు. సిమెంటు శ్లాబు, టేకు తలుపులు, అద్దాల కిటికీ. వడ్రంగి తలుపులు బిగించిన రోజున మావయ్య రెక్కలు రెండూ మూసి, సందులోకి కాగితం ముక్క దూర్చడానికి ప్రయత్నించి, అది దూరకపోతే మురిసిపోయాడు. "చూశావా అమ్మా, చీమ కూడా దూరదు" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళ ఎదుటా అమ్మమ్మతో అంటూనే ఉండేవాడు.

అమ్మకు పట్నం ఆస్పత్రిలో పురుడు వచ్చింది. అక్కడినుంచి పిల్లాడితో పుట్టింటికి చేరేసరికి కార్తీకమాసం, తుఫాను ముసురు. పెంకుటింట్లో నడిమి గది ఒక మూల కారుతోంది. అందుకని మావయ్య అమ్మను కొత్త గదిలోనే పడుకోబెట్టమన్నాడు.

"కొత్త గదిలో మొట్టమొదట పురిటి మైలేంటిరా?" అని అమ్మమ్మ గునిసింది.

"చెల్లెలికి నెమ్ము చేస్తే మైల కడిగినట్టు కడిగేస్తావా?" అన్నాడు మావయ్య. ఆ ఒక్క మాటతో అమ్మమ్మ ఒప్పుకుంది. మావయ్యది ప్రేమే. అది ఇక్కడ స్పష్టంగా రాయాలి.

ఇక ఆ గదిలో రోజూ జరిగే కార్యక్రమం ఇది. పొద్దున్నే అమ్మకూ పిల్లాడికీ ఒళ్ళు రుద్ది వేడినీళ్ళు పోసేవారు. ఈలోగా పెరట్లో కొబ్బరి చిప్పలు రాజేసి, పొగంతా పోయి నిప్పులు కణకణలాడాక, వాటిని ఇనప కుంపట్లోకి ఎత్తి గదిలో మంచం పక్కన పెట్టేవారు. పొగ ఉన్న నిప్పును అమ్మమ్మ గడప దాటనిచ్చేది కాదు. ఆ నిప్పుల మీద సాంబ్రాణి వేసి అమ్మ జుట్టుకు ధూపం పట్టేవారు. ధూపం కమ్ముకుంటే ఒక రెక్క ఓరగా తీసి, అది బయటికి పోయేదాకా ఆగి, మళ్ళీ మూసేవారు. ఆ పైన తలుపు కింద సందులో పాత పంచె గుడ్డలు కుక్కేవారు. బాలింతకు చలిగాలి తగలకూడదు కదా. కళ్ళకు కనిపించే పొగను అంత జాగ్రత్తగా సాగనంపి, ఏమీ కనిపించని నిప్పులను గదిలో పెట్టి తలుపు మూసుకునేవాళ్ళం.

తలుపు మూసేముందు అమ్మకు కాయం ముద్ద పెట్టేవారు. శొంఠి, మిరియాలు, వాము, పిప్పళ్ళు దంచి, పాత బెల్లంతో కలిపి చేసే బాలింత మందు అది. చేదు, ఘాటు కలిసి నాలుక చుర్రుమంటుంది. దాన్ని దంచి, ముద్ద చేసి, తమలపాకులో పెట్టి తెచ్చే పని మా అత్తయ్యది. ఆవిడ మావయ్య భార్య. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. ఆ ఇంట్లో ఆమె తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే. కానీ ఆ ఒక్కటీ చాలింది.

కొత్త గదిలో చేరిన కొద్దిరోజులకే అమ్మకు తలనొప్పి పట్టుకుంది. పొద్దున్న స్నానం చేసి, కాయం తిని పడుకుంటే మధ్యాహ్నానికి తల పగిలిపోయేది. వాంతులు. లేవబోతే మోకాళ్ళు వంగిపోయేవి. పిల్లాడు పాలు కుడుస్తూ కుడుస్తూనే వదిలేసి మగతలోకి జారిపోయేవాడు. "ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడు" అని చూడవచ్చినవాళ్ళు మెచ్చుకునేవారు. సాయంత్రం కుంపటి ఆరి, దీపాల వేళకు తలుపులు తీసినప్పుడు ఇద్దరూ కాస్త తేరుకునేవారు. నన్ను ఆ ఊరి బళ్ళోనే కూర్చోబెట్టారు. సెలవు రోజుల్లో అమ్మ పక్కన చేరితే నాకూ కణతలు అదిరేవి. బళ్ళో ఉన్న రోజున అదిరేవి కావు. బడి ఎగ్గొట్టడానికి వేషాలన్నారు. బడికి వెళ్తే తగ్గే తలనొప్పి బడి ఎగ్గొట్టడానికి ఎలా పనికొస్తుందో ఎవరూ ఆలోచించలేదు. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన వచ్చి, బలహీనత అని చెప్పి, బలానికి సూది వేసి వెళ్ళాడు.

అమ్మమ్మ మాత్రం బలహీనత అన్న మాట నమ్మలేదు. "కాయం తిన్న గంటకు మొదలవుతోంది. పొద్దుగూకితే తగ్గుతోంది. తినేదాంట్లోనే ఉంది" అంది. ఈ మాటలో సగం నిజం ఉండటమే అసలు ప్రమాదమైంది. ఆమె గమనించిన వేళలు సరైనవే. ఆ వేళకు కాయం వచ్చిన మాటా నిజమే. అంత ఘాటు పదార్థంలో ఏం కలిపినా తెలియదన్నదీ నిజమే. ఇన్ని నిజాల మీద ఆమె కట్టిన నింద మాత్రం పచ్చి అబద్ధం.

అప్పటినుంచి ఇంట్లో మాట తగ్గి చూపులు పెరిగాయి. అత్తయ్య రోలు దగ్గర కూర్చుంటే అమ్మమ్మ వెనక గుమ్మంలో నిలబడేది. వాము డబ్బా మూత వాసన చూసేది. ఎవరూ వినకుండా నన్ను పిలిచి, "ఒసేయ్ పిల్లా, మీ అత్త కాయం దంచేటప్పుడు కొంగులోంచి ఏమన్నా తీస్తుందేమో కనిపెట్టి చూడవే" అని పురమాయించింది. నేను చూశాను. అత్తయ్య కొంగులోంచి తీసింది ముక్కు తుడుచుకునే గుడ్డ ఒకటే. శొంఠి ఘాటుకు ఆమెకు తుమ్ములు వచ్చేవి. చూసింది చూసినట్టు చెప్పాను. అమ్మమ్మకు అది చాలలేదు. "చిన్నదానివి, నీకేం తెలుస్తుంది" అంది. మరి చిన్నదాన్ని కాపలా ఎందుకు పెట్టినట్టు?

తర్వాత అత్తయ్య కొత్త గది గడప తొక్కకూడదన్నారు. కాయం అమ్మమ్మ చేతికి ఇవ్వాలి, ఆమె తీసుకువెళ్ళాలి. అయినా అమ్మకు తగ్గలేదు. అమ్మమ్మకే తలపోటు మొదలైంది. మొదలవకేం? అత్తయ్య బదులు ఇప్పుడు ఆమె ఆ గదిలో ఎక్కువసేపు కూర్చుంటోంది. కానీ అది కూడా అత్తయ్య లెక్కలోకే వెళ్ళింది. "నాకూ పెడుతోందేమో మహాతల్లి" అంది అమ్మమ్మ. మావయ్య పళ్ళెంలోకి చూస్తూ అన్నం కెలికాడు. అత్తయ్య వాళ్ళ నాన్నగారికి కబురు వెళ్ళింది, ఆదివారం వచ్చి కూతుర్ని తీసుకుపొమ్మని. కొన్నాళ్ళకనే చెప్పారు. కానీ పెరట్లో గిన్నెలు తోమే చోట, కాలవ రేవులో, ఆ ఆడపిల్లను మళ్ళీ తీసుకురారనీ, మావయ్యకు వేరే సంబంధం చూస్తారనీ అప్పుడే చెప్పుకుంటున్నారు. అత్తయ్య ట్రంకుపెట్టె మంచం కిందనుంచి బయటికి వచ్చింది.

ఇప్పుడు మా తాతయ్య సంగతి చెప్పాలి. అమ్మమ్మ గొంతు లేచినప్పుడల్లా ఆయన పొలం వైపు వెళ్ళిపోయే మనిషి. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆయనకు ఒక అలవాటు ఉంది. కొత్త విత్తనం వచ్చినప్పుడు ఊరంతా మడికంతా జల్లేసుకుంటే, ఆయన మాత్రం పక్కపక్కనే రెండు చిన్న మళ్ళు తీసి, ఒకదాంట్లో కొత్తది, ఒకదాంట్లో పాతది చల్లేవాడు. ఒకే నీరు, ఒకే ఎరువు, ఒకేరోజు ఊడ్పు. "రెండు మార్చామంటే ఏది పనిచేసిందో తెలీదే బుల్లీ" అని నాకు గట్టు మీద కూర్చుని చెప్పేవాడు. కోడలి పెట్టె బయటికి వచ్చిన రోజున తాతయ్య ఆ రెండు మళ్ళనూ ఇంట్లోకి తెచ్చాడు.

ముందుగా ఆయన చేసింది ఒక దొంగతనం. పక్కింటి మామ్మ చేత రహస్యంగా కాయం దంపించి తెచ్చాడు. అమ్మమ్మ నీళ్ళు తోడటానికి వెళ్ళినప్పుడు తమలపాకులోని ముద్దను మార్చేశాడు. మామ్మ ముద్ద అమ్మ తింది. అత్తయ్య ముద్దను ఆయన పశువుల పాకలో నిలబడి, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా నమిలి మింగాడు. నేను చూస్తూనే ఉన్నాను. "చెప్పకు" అన్నట్టు వేలు చూపించాడు. మధ్యాహ్నానికి అమ్మకు ఎప్పటిలాగే వాంతులు. తాతయ్య సుబ్బరంగా భోంచేసి, పొలం వెళ్ళి వచ్చి, అప్పుడు సంగతి బయటపెట్టాడు.

అనుమానం అంత తేలిగ్గా చస్తుందా? "మగాళ్ళ ఒంటికి అది పనిచెయ్యదేమో. బాలింతకే తగిలేది పెడుతుందేమో. ఆ కళ్ళు చాలవేంటి, మళ్ళీ మందెందుకూ?" అంది అమ్మమ్మ. తాతయ్య వాదించలేదు. మర్నాడు అమ్మ మంచాన్ని కొత్త గదిలోంచి తీయించి, నడిమి గదిలో కారని వైపు వేయించాడు. కాయం అత్తయ్య చేతిదే. కుంపటీ అదే, నిప్పులూ అవే, తలుపూ మూసే ఉంది. ఆ రోజు అమ్మ మధ్యాహ్నం లేచి కూర్చుని, ఆకలేస్తోందని అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. పిల్లాడు ఊరంతా వినపడేలా ఏడ్చాడు. ఆ ఏడుపు వింటూ తాతయ్య అరుగు మీద కూర్చుని నవ్వుకున్నాడు.

ఇక తేలిపోయిందనుకున్నాను. పెద్దల సంగతి నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. కాయంలో లేదంటే గదిలో ఉందన్నమాట, గదిలో ఉందంటే అత్తయ్య అందులో ఏదో పెట్టిందన్నమాట. అమ్మమ్మ కొత్త గదిని మూలమూలలా వెతికించింది. ఒక పక్కపిన్ను దొరికింది. ఆడవాళ్ళు మసిలే గదిలో పక్కపిన్ను దొరకడం వింత కాదు. కానీ దాన్ని విస్తరాకులో పెట్టి, ముట్టుకోకుండా, వీధి చివర పారేసి వచ్చారు. "పిన్ను పోయిందిగా. ఇక అమ్మాయిని మళ్ళీ కొత్త గదిలోకి మార్చేద్దాం. నడిమి గదిలో కారడం ఎక్కువైంది" అంది అమ్మమ్మ. ఆదివారం అత్తయ్య బస్సెక్కాక మారుద్దామని నిర్ణయమైంది. అంటే ఆ గదిలోకి అమ్మ తిరిగి వెళ్తుంది. అత్తయ్య ఉండదు. అప్పుడు జరిగేదానికి ఎవరిని అంటారు? అప్పటికి ఏదైనా అనడానికి అమ్మ మిగులుతుందా?

ఆదివారం అత్తయ్య నాన్నగారు వచ్చారు. తడిసిన గొడుగు మూసి అరుగు మీద కూర్చున్నారు. ఏం తప్పు జరిగిందని కూడా ఆయన అడగలేదు.

"అన్నయ్యగారూ, కొన్నాళ్ళు మీ దగ్గర ఉంచుకోండి, ఇక్కడ ఇంట్లో బాలేదు" అంది అమ్మమ్మ.

"ఆయ్, అలాగేనండి చెల్లెమ్మగారూ" అన్నారాయన తలవంచుకుని. ఆయన పక్కన ట్రంకుపెట్టె. పెట్టె పక్కన అత్తయ్య.

బస్సు మధ్యాహ్నానికి. తాతయ్య పొద్దున్నే కొత్త గదిలోకి వెళ్ళి ఖాళీ మంచం మీద కూర్చున్నాడు. కుంపటి లేదు. తలుపు మూయించి, గుడ్డలు కుక్కించాడు. చాలాసేపటికి మామూలుగా బయటికి వచ్చి, "గదిలో ఏమీ లేదు" అన్నాడు. అప్పుడు నిప్పులు రాజేసి, కుంపటి నిండా నింపి, మళ్ళీ లోపలికి వెళ్ళాడు. తలుపు గడియ వేసుకోలేదు. గుడ్డలు మాత్రం లోపలినుంచి ఆయనే కుక్కుకున్నాడు. వెళ్ళేముందు నన్ను కిటికీ బయట, చూరు కింద నిలబెట్టాడు.

"బుల్లీ, నువ్వు ఎక్కాలు పైకి చదువుతూ ఉండాలి. ప్రతి మెట్టుకీ జవాబు నేను లోపలినుంచి చెప్తాను. నేను చెప్పడం మానేస్తే కేకెయ్యి."

ఎక్కాల విషయంలో తాతయ్య మొండి. నిద్రలో లేపి అడిగినా ఇరవయ్యో ఎక్కం దాకా తడబడేవాడు కాదు. నేను రెండో ఎక్కంనుంచి మొదలుపెట్టాను. అద్దం అవతల ఆయన గొంతు గట్టిగా వచ్చేది. అరుగు మీదివాళ్ళకూ వినిపించేది. "ముసలాయనకు మతిపోయింది, ఆఖరికి వియ్యంకుడి ముందు కూడానా" అని అమ్మమ్మ గొణిగింది. ఎక్కాలు అయిపోతే మళ్ళీ మొదటినుంచి చదివాను. రెండోమారు ఆయన జవాబులు నెమ్మదించాయి. పదకొండో ఎక్కంలో ఒక మెట్టు దగ్గర చాలాసేపు ఆగి చెప్పాడు. నేను పదమూడు అందుకున్నాను.

"పదమూడు ఎనిమిదుల?"

"నూట నాలుగు."

"పదమూడు తొమ్మిదుల?"

లోపల చప్పుడు లేదు. తర్వాత, నాలుక మందంగా, "నూట... నాలుగు" అన్నాడు.

అరుగు మీద మావయ్య నవ్వాడు. "నాన్న ఎక్కాలు మర్చిపోయాడర్రోయ్!" అన్నాడు. అమ్మమ్మ కూడా ముసిముసిగా నవ్వింది. నేను కేక వెయ్యాలో వద్దో తేల్చుకోలేకపోయాను. మానేస్తే కేకెయ్యమన్నాడు, తప్పు చెప్తే ఏం చెయ్యాలో చెప్పలేదు.

అత్తయ్య లేచి నిలబడింది. "మావయ్యగారు తప్పు చెప్పరు" అంది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా నేను ముందెప్పుడూ వినలేదు. పెట్టెను దాటుకుని, తనకు నిషేధించిన గడప మీదికి పరుగెత్తి, తలుపును భుజంతో తోసింది. గుడ్డలు అడ్డుపడి రెక్క సగమే తెరుచుకుంది. సందులోంచి దూరి, తాతయ్య చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చి, ముసురు గాలి కొట్టే అరుగు మీద పడుకోబెట్టింది. ఆయన మొహం ఎర్రబడి ఉంది, కళ్ళు నిలవడం లేదు. కాసేపటికి పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

అమ్మమ్మ నోట మొదట వచ్చిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నువ్వెందుకెళ్ళావే లోపలికి? ఏం పెట్టావు ఆయనకు?"

తాతయ్య చెయ్యెత్తాడు. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. అందరం వంగి విన్నాం.

"నిన్న రాత్రినుంచి నేను మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఆ నీళ్ళు కూడా నూతిలోంచి నేనే తోడుకున్నాను. ఇప్పుడు చెప్పవే, నాకు మందు ఎవరు పెట్టారు?"

తలుపు సందులోంచి కుంపటి కనిపిస్తోంది. పొగ లేదు, వాసన లేదు. నిప్పులు ఎర్రగా, అందంగా ఉన్నాయి. అమ్మమ్మ వాటి వైపు చాలాసేపు చూసింది. "నా అయిదుగురినీ కుంపటి పక్కనే పెంచానే" అంది, ఎవరితోనూ కాకుండా. ఆ మాట అబద్ధం కాదు. ఆమె పిల్లలు పెరిగింది పెంకుల కింద. పెంకు పెంకుకూ మధ్య సందు, చూరుకూ గోడకూ మధ్య సందు. తలుపు ఎంత మూసినా ఆ ఇల్లు పైనుంచి ఊపిరి తీసేది. అమ్మమ్మ కుంపటి మారలేదు, జాగ్రత్త మారలేదు, కప్పు మారింది. చీమ దూరని గదిని అందరం మెచ్చుకున్నామే గానీ, లోపల పుట్టింది బయటికి ఎలా పోతుందని ఒక్కరమూ అడగలేదు.

ఆ సాయంత్రమే తాతయ్యనూ అమ్మనూ పిల్లాడినీ కారు మాట్లాడి పట్నం ఆస్పత్రికి తీసుకువెళ్ళారు. అమ్మమ్మా నేనూ కూడా ఆ కార్లోనే ఎక్కాం. డాక్టరమ్మ అంతా విని ముందు తాతయ్యను తిట్టింది. "మీ అదృష్టం బాగుండి బయటపడ్డారు. ఇంకాసేపైతే ఆ పాప ఎక్కాలు గోడకు చెప్పుకునేది. ఇలాంటి పరీక్షలు ఎవరూ చెయ్యకూడదండీ, ఎప్పుడూ" అంది. తర్వాత మా అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. బొగ్గుగానీ కట్టెగానీ గాలి చాలకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువగా పుడుతుంది. దానికి రంగూ రుచీ వాసనా లేవు. రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, వాంతులు, నీరసం, మగత వస్తాయి. మనిషి దాన్ని నిద్ర అనుకుని పడుకుంటాడు. బయట గాలికి వస్తే తేరుకుంటాడు కాబట్టి మామూలు జబ్బు అనుకుంటారు. ఒకే ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తల నొస్తే మనుషుల వైపు చూడకండి, ముందు అందరూ బయటికి రండి, తర్వాత మంట ఏది ఉందో చూడండి అంది. ఆ మాట అన్నప్పుడు అమ్మమ్మ తన చేతుల వైపు చూసుకుంది.

అత్తయ్య నాన్నగారు బస్సులో ఒక్కరే తిరిగి వెళ్ళారు. ట్రంకుపెట్టెను మావయ్య తన చేతులతో లోపలికి మోశాడు. మర్నాడు మేస్త్రీని పిలిపించి, తాను మురిసిపోయిన గోడల్లో ఎదురెదురుగా, శ్లాబు కింద, రెండు వెంటిలేటర్లు కొట్టించాడు. అమ్మను ముసురు తగ్గేదాకా నడిమి గదిలోనే ఉంచారు. కుంపటి మళ్ళీ ఏ గది గడపా దాటలేదు. వేడి కావలసివస్తే ఇటుకను పెరట్లో కాల్చి, గుడ్డ చుట్టి, అమ్మ కాళ్ళ దగ్గర పెట్టేవారు. కొత్త గది వెంటిలేటర్లో ఆ ఏడే పిచ్చుకలు గూడు కట్టాయి.

అమ్మమ్మ అత్తయ్యను క్షమించమని అడగలేదు. ఆ తరం అత్తలకు ఆ మాట నోరు తిరిగేది కాదు. దాన్ని నేను గొప్పగా రాయడం లేదు. అడిగి ఉండవలసింది. కానీ మర్నాడు పొద్దున్న అత్తయ్య కాయం ముద్ద తమలపాకులో పెట్టి, అలవాటుగా గుమ్మం బయటే ఆగి, అమ్మమ్మ చేతికి అందించబోతే, ఆమె తీసుకోలేదు. "నువ్వే పెట్టు మీ ఆడపడుచుకు" అంది. కాస్త ఆగి తన అరచెయ్యి చాపింది. "నాకూ ఒక ముద్ద ఇయ్యి అమ్మాయ్. మోకాళ్ళు ఒకటే లాగుతున్నాయి."

అత్తయ్య ఇచ్చింది. అమ్మమ్మ దాన్ని వాసన చూడకుండా నోట్లో వేసుకుంది.

ఆ రోజునుంచి నాకు అబ్బిన అలవాటు రెండు మళ్ళది. ఇంట్లో ఏది తేడాగా కనిపించినా ఏది మారింది, ఏది మారలేదు అని రెండు వరుసలుగా కాగితం మీద రాసుకుంటాను. నా పిల్లలు దీన్ని చాదస్తం అంటారు. ఎవరింటికి వెళ్ళినా గోడ మీద బొమ్మల కంటే ముందు వెంటిలేటరు చూస్తాను. వంటింటి పొగగొట్టానికి అట్ట అడ్డుపెట్టినవాళ్ళతోనూ, కరెంటు పోయిందని జనరేటరును వరండాలోకి తెచ్చి తలుపులు మూసినవాళ్ళతోనూ, చలికి నిప్పుల బొచ్చె పడకగదిలో పెట్టుకున్నవాళ్ళతోనూ నేను గొడవ పడ్డాను. మీరు మరీ అనుమానం మనిషండీ అన్నారు. నిజమే. తేడా ఒకటే, నా అనుమానం గాలి ఆడని గదుల మీద, మంట మీద. మనుషుల వంతు దాని తర్వాతే.

మా అమ్మాయి అద్దెకున్న ఇంట్లో గ్యాసు గీజరు స్నానాలగదిలోపల ఉంటే, ఇంటాయనకు వివరంగా రాసిచ్చి, అది బయటి గోడకు మారేదాకా పోరాడాను. ఇప్పుడది బయటే ఉంది, వెంటిలేటరూ తెరిచే ఉంది. అయినా మనవరాలు లోపల తలుపు వేసుకున్నప్పుడు నా కాళ్ళు అటే వెళ్తాయి.

"పదమూడు తొమ్మిదుల?" అంటాను.

"నూట పదిహేడు. అమ్మమ్మా, ఇంక వెళ్ళు!" అంటుంది లోపలినుంచి.

ఆ విసుగు గట్టిగా, స్పష్టంగా వినిపించాకే నేను అక్కడినుంచి కదులుతాను.